లో-కార్బ్ లెక్క తప్పేది పూత దగ్గరే

అన్నం, బ్రెడ్, చక్కెర మానేసినవాళ్లు కూడా నూనెలో వేయించిన చికెన్ ముక్క ముందుకొస్తే 'మాంసమే కదా' అని తినేస్తారు. మాంసంలో కార్బ్స్, అంటే పిండిపదార్థాలు, చక్కెరలు, దాదాపు ఉండవన్నది నిజమే. మరి దానికి పట్టించిన పిండి సంగతేమిటి? 100 గ్రాముల పచ్చి ఉల్లిపాయలో కార్బ్స్ 9 గ్రాములే. దాన్నే చక్రాలుగా కోసి, జారుగా కలిపిన పిండిలో ముంచి వేయించాక 100 గ్రాములకు 30 దాటుతాయి. ఉల్లిలోని నీరు కొంత ఆవిరైపోవడం ఒక కారణం. పెద్ద కారణం మాత్రం పూతే.

పైపొర కాబట్టి కొంచెమే ఉంటుందనుకుంటాం. పూత వేసి అమ్మే ఫ్రోజెన్ రొయ్యలకు అమెరికాలో ఒక ప్రమాణం ఉంది: రొయ్య కనీసం 50 శాతం ఉండాలి. అంటే ప్యాకెట్ బరువులో సగం దాకా పూతే ఉండొచ్చు. 100 గ్రాముల మైదాలో 76 గ్రాములు కార్బ్సే. ప్లేటు మొత్తానికి 30 గ్రాముల మైదా పట్టినా 23 గ్రాములు లోపలికి వెళ్లినట్టు. శనగపిండి పప్పుదే కాబట్టి పర్లేదని కొందరంటారు. ప్రొటీన్, పీచు ఎక్కువే కానీ, అందులోనూ 100 గ్రాములకు 58 గ్రాముల దాకా కార్బ్స్ ఉంటాయి.

దీనికి విరుగుడుగా బాదం పిండి వచ్చింది. కార్బ్స్ బాగా తగ్గుతాయి, కాదనను. కానీ 100 గ్రాముల మైదాలో 360 కేలరీలుంటే బాదం పిండిలో 600 దాకా ఉంటాయి, ఆపైన వేయించిన నూనె. బరువు తగ్గాలని మొదలుపెట్టినవాళ్లు 'కీటో' (కార్బ్స్ బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా తినే పద్ధతి) అన్న పేరు చూసి రెండో ప్లేటు తింటే ఏం లాభం? నాకు ఈ పేరు మీదే ఎక్కువ అభ్యంతరం. అది ఆకలిని కాదు, జాగ్రత్తను చంపేస్తుంది.

షుగర్ ఉన్నవాళ్లు ఇంకో విషయం గమనించాలి. కొవ్వు ఎక్కువున్న తిండి కడుపులోంచి నెమ్మదిగా కదులుతుంది. అందుకే తిన్న రెండు గంటలకు రీడింగ్ బాగుందని ఊరట పడినా, ఆ తర్వాత షుగర్ పెరగొచ్చు. వేయించినవి తిన్న రోజు ఆలస్యంగా ఇంకోసారి చూసుకోవడం మంచిది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు మోతాదు సొంతంగా మార్చుకోకుండా డాక్టర్‌ని అడగాలి.

ఇక నూనె. పూతలోని నీరు ఆవిరై బయటికొస్తూ సన్నటి దారులు చేస్తుంది, కరకరలాడేది అందుకే. అయితే నూనె ఎక్కువగా పీల్చుకునేది మూకుడులో ఉన్నప్పుడు కాదు, తీశాక చల్లారేటప్పుడు. లోపలి ఆవిరి చల్లబడగానే పైన అంటుకున్న నూనె ఆ దారుల్లోకి దిగిపోతుంది. తీసిన వెంటనే, వేడి మీదే జల్లిగరిటలో బాగా విదిలించి పేపర్‌తో అద్దితే కొంతైనా తగ్గుతుంది.

నా మటుకు మొదటి సలహా, పూత లేకుండా పెనం మీద దోరగా వేయించుకోమనే. పూత ఉన్నదే తినాలనిపిస్తే మామూలు పిండిదే, నాలుగు ముక్కలు, ఆ రోజు లెక్కలో కలుపుకుని తినండి. రోజుకు 100 గ్రాముల కార్బ్స్ హద్దు పెట్టుకున్నవాళ్లకు 23 గ్రాముల ప్లేటు ఎలాగోలా సర్దుకుంటుంది. 20 గ్రాముల దగ్గర గీత గీసుకున్నవాళ్లకు ఆ ప్లేటులో సగం తిన్నా మిగిలేది ఎనిమిదిన్నరే.