కింద సంతకం చేసిన తల్లిదండ్రులు

సర్కారు బడిలో తల్లిదండ్రుల పాత్ర ఏమిటని కొందరు మేధావులు ఇంకా బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నారు. తల్లిదండ్రులు బడి వ్యవహారాల్లో వేలు పెడుతున్నారని ఒక వర్గం, అసలు గేటు దాటి లోపలికే రావడం లేదని ఇంకో వర్గం. ఒక ప్రాథమిక పాఠశాల కమిటీలో రెండేళ్లు సభ్యుడిగా వెలగబెట్టినవాణ్ణి కాబట్టి ఈ తగువు నేను తీర్చేస్తాను. తల్లిదండ్రుల పాత్ర సంతకం. సంతకం రానివాళ్లది వేలిముద్ర. ఆ మాత్రం వేలు పెట్టడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు.

చట్టంలో ఇంకేదో ఉందని గొణిగేవాళ్లు ఉంటారు. నిజమే, ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు కావాలి. వాళ్లంతా కూర్చుని బడి ఎలా నడుస్తోందో చూడాలి, ఏమేం కావాలో ప్రణాళిక రాయాలి, వచ్చిన డబ్బు ఎటు పోయిందో కనిపెట్టుకుని ఉండాలి. ఢిల్లీలో కూర్చుని ఇది రాసినవాళ్లకు మన ఊళ్ల మర్యాదలు తెలియవు పాపం. ఇంటికొచ్చిన చుట్టాన్ని ఎప్పుడెళ్తావని అడుగుతామా? హెడ్మాస్టరు గారిని లెక్క చూపించమని అడగడమూ అంతే.

కమిటీ ఎన్నిక సంగతి మాత్రం తీరిగ్గా చెప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో తరగతికి ముగ్గురు తల్లిదండ్రుల చొప్పున ఎన్నుకుంటారు. అయిదు తరగతులకు పదిహేను మంది. వాళ్లలోంచి చైర్మన్, వైస్ చైర్మన్. మా బడిలో పిల్లలు 42 మంది. చైర్మన్ ఎన్నిక ముందు రాత్రి చూస్తే ఎనిమిది మంది సభ్యులు ఊళ్లో లేరు. ట్రక్కు ఆటో ఎక్కించి పక్క మండలంలో ఎవరిదో మామిడితోటకు తీసుకెళ్లి బిర్యానీ పెట్టించారని తర్వాత తెలిసింది. పొద్దున చేతులెత్తే వేళకు తెచ్చి సరిగ్గా బడి మెట్ల దగ్గర దించారు. ఎనిమిదికి ఏడు. ఇంతా చేస్తే, అంతమంది పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద ఏడాదికి వచ్చే గ్రాంటు 25 వేలు. ప్రజాస్వామ్యం అంటే మా ఊరికి అంత ప్రాణం.

సర్కారు బడులను బాగుచేసే నాడు-నేడు వచ్చాక ఆ ప్రాణం ఇంకాస్త లేచొచ్చింది. 2019 నవంబరులో మొదలైన ఆ పథకంలో మొదటి విడతకే 15,715 బడులను ఎంపిక చేశారు. మరుగుదొడ్లు, మరమ్మతుల లాంటి పనులు కాంట్రాక్టర్లకు ఇవ్వకుండా తల్లిదండ్రుల కమిటీలకే అప్పగించారు. సిమెంటు బస్తా ధర తెలియని తల్లి కూడా కాగితం మీద రాత్రికి రాత్రి మేస్త్రీ అయిపోయింది.

చిక్కల్లా ఒకటే. చైర్మన్ కావాలంటే పిల్లలు ఆ బడిలోనే చదువుతుండాలి. మా ఊరి పెద్దల పిల్లలేమో పొద్దున్నే పసుపు బస్సెక్కి టౌనుకు పోతారు. అందుకని ఒక పెద్దాయన తన పొలంలో పనిచేసే అతని భార్యను నిలబెట్టి గెలిపించాడు. సమావేశం అంటే పెద్దాయన కుర్చీలో కూర్చునేవాడు. ఆవిడ భర్త కుర్చీ వెనక నిలబడేవాడు. చైర్మన్ గారు తతిమ్మా తల్లులతో కలిసి చాప మీద కూర్చునేవారు. మహిళలకు సగం వాటా అని చట్టం అంది. చాప మీద లెక్కపెడితే సగం కన్నా ఎక్కువే.

తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టారు. ఊళ్లోని మహిళా సంఘాల సమాఖ్య అధ్యక్షురాలే చైర్‌పర్సన్, హెడ్మాస్టరు కన్వీనరు. బిర్యానీ ఖర్చు మిగిలిందనుకుంటాను. వాళ్ల చాప సంగతి వాళ్లే రాసుకుంటారు.

ఇక 2024 డిసెంబరు 7న మా రాష్ట్రమంతటా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిపారు. ముఖ్యమంత్రి బాపట్లలో, ఉపముఖ్యమంత్రి కడపలో బడికి వెళ్లారు. మిగిలిన చోట్ల తల్లులకు ముగ్గులు, తండ్రులకు తాడు లాగే పోటీలు. ఎవరు ఆలోచించారో గానీ తాడాట భలే కుదిరింది. తాడుకు ఈ కొసన తల్లిదండ్రులు, ఆ కొసనా తల్లిదండ్రులే. బడి మధ్యలో నిలబడి విజిల్ ఊదుతుంది.

మామూలు సమావేశాల్లో ఇంత హడావుడి ఉండదు. టీ, మిక్చర్ పొట్లం, తీర్మానాల పుస్తకం. మేం వెళ్లేసరికే అందులో 'సభ్యులు కూలంకషంగా చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించిరి' అని రాసి ఉండేది. మేం తడబడకుండా ఎవరి పేరు ఎదురుగా వాళ్లకు పెన్సిలుతో ఇంటూ మార్కు కూడా పెట్టి ఉంచేవారు. హెడ్మాస్టరు సారును తప్పుపట్టడానికి లేదు. పాఠం సంగతి దేవుడెరుగు, గుడ్లకు ఫోటో, మరుగుదొడ్డికి ఫోటో, పిల్లల హాజరుకు ఫోటో తీసి యాప్‌లో ఎక్కించేసరికే ఆయనకు మధ్యాహ్నం అయ్యేది. మా చర్చ కూడా ఆయనే చేసి పెట్టేవారంటే అదనపు డ్యూటీ అన్నమాట.

ఇంత సాఫీగా సాగుతున్న వ్యవస్థకు మూడో తరగతి పిల్లాడి తల్లి ఒకావిడ గండి కొట్టింది. మిరపకాయల కోతకు పోయే మనిషి. రోజు కూలి పోగొట్టుకుని సమావేశానికి వచ్చింది. పుస్తకం చేతికివ్వగానే అందరిలా ఇంటూ మార్కు వెతక్కుండా పేజీ వెనక్కి తిప్పింది. వేలు పెట్టుకుని కూడబలుక్కుంటూ పైకే చదివింది.

“గో... డ... లకు... సున్నము... వేయిం... చుటకు... ఆరు వేల నాలుగొందలు.”

చదివి తలెత్తి గోడ వంక చూసింది. ఖర్మ కాలి మేం కూడా చూశాం. పోయినేడు వాన నీళ్లు కారిన చార అలాగే ఉంది.

“అది చదవడానికి కాదమ్మా, సంతకానికి,” అన్నారు సారు, విసుక్కోకుండానే.

“మావాడు రాత్రిళ్లు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నా సార్. మీరు చెప్పిందే.”

చట్టంలో పెద్ద లోపం ఇక్కడే ఉంది. పిల్లలకు చదువు చెప్పాలన్నారు గానీ, దాన్ని వాళ్లు ఇంటికి మోసుకుపోకుండా చూడాలని ఏ సెక్షన్లోనూ రాయలేదు. ఎవరైనా సవరణ తెస్తే నా మద్దతు ఉంటుంది.

సారు పుస్తకం దగ్గరకు లాక్కుని, చివర కాస్త జాగా చూసుకుని, 'గోడల సున్నము విషయమై సభ్యురాలు హర్షము వ్యక్తము చేసినది' అని చేర్చి మళ్లీ ఆవిడ ముందుకు తోశారు. ఆవిడ అదీ కూడబలుక్కుని చదివింది. పెన్ను కింద పెట్టేసి, ఇప్పుడెళ్తే మధ్యాహ్నం నుంచైనా పని దొరుకుతుందంటూ వెళ్లిపోయింది.

మిగతా పద్నాలుగు మందిమీ సంతకాలు చేశాం. ఆవిడ పేరు ఎదురుగా పెన్సిలు ఇంటూ మార్కు ఇప్పటికీ అలాగే ఉంది.