నిమ్మకాయ మీదికి 648 సీసీ

"మొదటి బండే గట్టిది కొనెయ్ బావా. చిన్నది కొంటే ఆర్నెల్లకే బోర్ కొడ్తాది. మళ్ళీ అమ్ముకోవాల, మళ్ళీ నష్టం" అన్నాడు మా బామ్మర్ది. వాడికి సొంత బండి లేదు. ఇంతవరకూ ఒక్క బండైనా కొన్న పాపాన పోలేదు. అయినా మా అత్తగారింట్లో బండ్ల గురించి ఎవరికి ఏ అనుమానం వచ్చినా వాడినే అడుగుతారు. యూట్యూబ్‌లో రివ్యూలన్నీ చూసేది వాడొక్కడే కాబట్టి.

నా అనుభవమల్లా మా ఆవిడ స్కూటీ. తిరుపతిలో బైరాగిపట్టెడ నుంచి రైతు బజారుకి, రైతు బజారు నుంచి ఇంటికి. కరివేపాకు కట్ట హుక్కుకి తగిలించుకుని వచ్చేవాడికి ఎంత పవర్ కావాలో వాడే లెక్కేశాడు. 648 సీసీ, రెండు సిలిండర్లు, 47 హార్స్ పవర్. ట్యాంకులో పెట్రోలు పోశాక బరువు 200 కిలోలు దాటుతుంది. మా పక్కింటాయన స్ప్లెండర్ 97 సీసీ, 8 హార్స్ పవర్. ఆయన దాని మీదే ఇద్దరు పిల్లల్ని, గ్యాస్ సిలిండర్‌ని, అప్పుడప్పుడూ వాళ్ళత్తని తీసుకెళ్తుంటాడు.

350 సీసీ దాటిన బండ్ల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 40 శాతం. ఆ లోపలున్న వాటికి 28 నుంచి 18కి తగ్గించారు. అంటే ప్రభుత్వం కూడా "వద్దు నాయనా, చిన్నది కొనుక్కో" అని డబ్బు భాషలో చెబుతూనే ఉంది. మా బామ్మర్ది రివ్యూల్లో ఆ ముక్క ఎవరూ చెప్పలేదు. షోరూము కుర్రాడూ చెప్పలేదు. "సార్ పర్సనాలిటీకి ఇదే కరెక్టు" అన్నాడు. కౌంటరు దగ్గర కూర్చున్నవాడి పర్సనాలిటీ ఎంత కనిపిస్తుందో నాకు తెలియదు. లోను, ఇన్సూరెన్సు, అదో రామాయణం, వదిలేద్దాం.

లైసెన్సు సంగతి మాత్రం వదలను. ఏ ఊరి ఆఫీసో చెప్పను గానీ, నన్ను 8 అంకె వేయమన్నారు. ఫ్రెండ్ స్ప్లెండర్ తీసుకెళ్ళి వేశాను. కాలు కింద పెట్టలేదు, పాస్. ఆ కార్డు మీద 'గేర్లున్న మోటార్ సైకిల్' అని ఒక్క మాట ఉంటుంది. ఆ ఒక్క మాట మీదే 97 సీసీ తోలొచ్చు, 648 తోలొచ్చు, డబ్బుంటే 1000 సీసీ కూడా తోలొచ్చు. బ్రిటన్‌లో అయితే 17 ఏళ్ళవాడిని 125 సీసీ దగ్గర కూర్చోబెడతారు. 19 వచ్చాక ఇంకో పరీక్ష పాసైతే 35 కిలోవాట్ల దాకా ఇస్తారు. నా బండి 47 హార్స్ పవర్ అంటే కిలోవాట్లలో సరిగ్గా ఆ గీత మీదే నిలబడుతుంది. అక్కడ మెట్లు మెట్లుగా ఎక్కిస్తారు. మనకి లిఫ్టు పెట్టి పంపించేశారు.

సరే, బండొచ్చింది. అమ్మ అలిపిరిలో పూజ చేయించాలంది. పెరటాసి, అంటే తమిళుల నెల, ఆ నెల్లో శనివారం అయితే మంచిదంది. పెరటాసి శనివారం అలిపిరి ఎలా ఉంటుందో తిరుపతి వాళ్ళకి చెప్పక్కర్లేదు. తమిళనాడు నుంచి పసుపు బట్టలు కట్టుకుని వచ్చినవాళ్ళు ఒకవైపు, గుండ్లకి గంధం పూసుకుని దిగొచ్చినవాళ్ళు ఇంకోవైపు. ఎలా తోలుకుని వెళ్ళానంటారా? నేను తోలలేదు. బామ్మర్ది తోలాడు, నేను వెనకాల ఆటోలో వచ్చాను.

పూజ బాగానే జరిగింది. ట్యాంకు మీద గంధం బొట్లు, హెడ్‌లైటుకి కుంకుమ, హ్యాండిల్‌కి ఇంత లావు బంతిపూల దండ. కొబ్బరికాయ ఒక్క దెబ్బకే పగిలింది, నీళ్ళన్నీ అక్కడే బండ మీద పారాయి. తర్వాత ముందు చక్రం కింద ఒక నిమ్మకాయ, వెనక చక్రం కింద ఒకటి పెట్టి పూజారి "ఊ, కానియ్ సామీ" అన్నాడు. సొంతదారుడే తొక్కించాలట. బామ్మర్ది దిగి తాళం నా చేతికిచ్చి, ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు.

క్లచ్ కొంచెం వదిలాను. వెనక నిమ్మకాయ పచ్చడైంది. ముందుది మాత్రం చక్రం కింద నుంచి చటుక్కున జారి, ఆ వాలులో దొర్లుకుంటూ ఎడమవైపు వెళ్ళి, కొబ్బరి చిప్పల పక్కన ఆగింది.

"తొక్కలా! ముందుది తొక్కలా!" అని అమ్మ అరిచింది.

"వెనకది నలిగింది కదమ్మా, చాలు" అన్నాడు పూజారి. ఆయనకి వెనకాల ఇంకా నాలుగు బండ్లు, ఒక కొత్త ట్రాక్టర్ ఉన్నాయి.

"చాలదు సామీ. దిష్టి ముందు నుంచి కదా వస్తాది. ఒరే అబ్బోడా, తొక్కియ్యరా దాన్ని!"

ఐదు రూపాయలు పారేస్తే ఇంకో నిమ్మకాయ వచ్చేది. బుట్ట నిండా పెట్టుకుని అమ్మే ఆవిడ రెండడుగుల దూరంలోనే కూర్చుని ఉంది. కానీ ఆ క్షణంలో అక్కడున్న ఎవరి దృష్టిలోనూ లోకంలో ఇంకో నిమ్మకాయ లేదు. పూజలో పెట్టింది అదే, తప్పించుకుంది అదే. ట్రాక్టర్ వాళ్ళు కూడా దిగొచ్చి చూస్తున్నారు. "ఎడమకి బావా, ఇంకా ఎడమకి, ఫుల్లుగా కొట్టు" అంటున్నాడు బామ్మర్ది, ఫోన్‌లోంచి కన్ను తీయకుండా. పూజారి చేతిలో హారతి పళ్ళెం అలాగే ఉంది. కర్పూరం ఆరిపోతే మళ్ళీ వెలిగించాలా వద్దా అన్న చర్చ మా నాయనకీ ఆయనకీ మధ్య మెల్లగా మొదలైంది.

హ్యాండిల్ పూర్తిగా ఎడమకి తిప్పాను. బండి నడక కన్నా మెల్లగా కదిలింది. చక్రానికీ నిమ్మకాయకీ మధ్య జానెడు దూరం. సరిగ్గా అప్పుడు ఒక అవ్వ, ఇంతమంది ఏం చూస్తున్నారో చూద్దామని, చక్రానికీ నిమ్మకాయకీ మధ్యకి వచ్చి నిలబడింది.

ఎవరైనా ఏం చేస్తారు? బ్రేకు పట్టుకుంటారు. బంతిపూల దండతో సహా పట్టుకున్నాను. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు, మెల్లగా పోతున్నప్పుడు ముందు బ్రేకు గట్టిగా పడితే బరువున్న బండి తిరిగిన వైపుకే ఒరిగిపోతుంది. ఇది సైన్సు. బరువైన బండి తోలే ప్రతివాడికీ తెలిసిన సంగతే. 8 అంకె వేయించిన ఆఫీసులో ఈ ముక్క చెప్పడానికి అర నిమిషం పట్టదు. ఎడమ కాలు ఆనించాను. ఆనిన చోట కొబ్బరి నీళ్ళు.

200 కిలోలు ఒరగడం మొదలుపెట్టాక ఆపబోతే మోకాలు పోతుందంటారు. అందుకని నేను ఆపలేదు. బండి దాని దోవన అది పడుకుంటుంటే మర్యాదగా దిగి పక్కకి నిలబడ్డాను. ఇంజన్ ఆగిపోయింది. దండ తెగింది. బండి రోడ్డుకి అడ్డంగా పడుకున్న ఎనుములాగా, గంధం బొట్లతో, ప్రశాంతంగా ఉంది.

"గేర్లో పెట్టు బావా! వీపు సీటుకి ఆనించి కూర్చో! ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో వెనక గ్రాబ్ రైల్! కాళ్ళతో తొయ్యాల, నడుముతో కాదు!" బండి లేపే పద్ధతి మొత్తం వాడికి కంఠతా వచ్చు. పద్ధతి సరైనదే. చెయ్యి వెయ్యమంటే మాత్రం వీడియో కట్ అవుతుందన్నాడు. చెప్పినట్టే వీపు ఆనించి కూర్చున్నాను. లేవబోయాను. లేచింది నేనొక్కడినే.

అప్పుడు కదిలారు గుండ్లు. ఐదారుగురు ఉంటారు, పసుపు పంచెలు, నెత్తిన ఆరీ ఆరని గంధం. ఒకాయన నన్ను భుజం పట్టి పక్కకి జరిపి, బండి చుట్టూ మనుషుల్ని నిలబెట్టి, గొంతెత్తి "గోవిందా!" అన్నాడు. మిగతావాళ్ళు "గోవిందా!" అన్నారు. బండి జానెడు లేచింది. చూస్తున్నవాళ్ళు కూడా అందుకున్నారు. ట్రాక్టర్ వాళ్ళు, నిమ్మకాయల ఆవిడ, ఆ అవ్వ, చివరికి మా అమ్మ కూడా. రెండో గోవిందకి సగం దాకా వచ్చింది. మూడో గోవిందకి ఎంత ఊపుగా లేచిందంటే నిలువుగా ఆగకుండా కుడివైపు పడబోయింది. అటువైపు ఉన్నాయన ఛాతీతో ఆపాడు. ఆయన గంధం, బండి గంధం కలిసిపోయాయి.

స్టాండు వేసి, చేతులు దులుపుకుని ఆ పెద్దాయన నన్ను అడిగాడు: "మైలేజ్ ఎంత ఇస్తాది తంబీ?"

"ఇరవై ఐదు" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి మిగతా గుండ్లకి తమిళంలో ఏదో చెప్పాడు. అందరూ నావైపు జాలిగా చూశారు. పడిపోయినప్పుడు కూడా ఎవరూ అలా చూడలేదు. "మాది స్ప్లెండర్, అరవై ఇస్తాది" అని వెళ్ళిపోయాడు.

క్లచ్ లీవర్ మధ్యకి విరిగింది. షోరూములో స్టాకు లేదు, చెన్నై నుంచి రావాలన్నారు. ఎప్పుడొస్తుందంటే "వస్తుంది సార్" అన్నారు. పర్సనాలిటీ గురించి ఈసారి ఎవరూ మాట్లాడలేదు. వచ్చాక బిగించిన రోజే బామ్మర్ది వచ్చి, ఖాళీగా పెడితే బ్యాటరీ డౌన్ అవుతుందని తీసుకుపోయాడు. వీడియో వాళ్ళ ఫ్యామిలీ గ్రూపులో, మా ఫ్యామిలీ గ్రూపులో, మా ఆఫీసు గ్రూపులో కూడా తిరుగుతోంది. ఆఫీసు గ్రూపులోకి ఎలా వచ్చిందో అడిగితే మా ఆవిడ పాలు పొంగుతున్నాయని లోపలికి వెళ్ళింది.

నిన్న రాత్రి వాడి ఫోన్. శ్రీకాళహస్తి దాకా వెళ్ళొస్తున్నాడట, బండి అదిరిపోయిందట, ట్యాంకు ఫుల్ చేయించాలి, రెండు వేలు ఫోన్‌పే కొట్టు బావా అంటున్నాడు.