‘సంప్రదించాం’ గడిలోని టిక్కు గారికి

అయ్యా టిక్కు గారూ,

న్యూజిలాండ్‌లో ఏ నది ఒడ్డు కోతకి గురైనా, ఏ కరకట్ట ఎత్తు పెంచాలన్నా, అక్కడి స్థానిక పాలనా సంస్థ అయిన కౌన్సిల్‌కి వెళ్ళే దరఖాస్తులో తమరు దర్శనమిస్తారు. "స్థానిక మావోరీలతో సంప్రదించారా?" అని ఒక ప్రశ్న, పక్కన ఒక గడి, గడిలో తమరు. (మావోరీలంటే ఆ దేశపు మూలవాసులు.) చూడ్డానికి రెండు గీతలే. కానీ ఆ గీతల్ని చూస్తే ఆ నది పొడవునా ఉన్న తెగలన్నీ కూర్చుని, మాట్లాడుకుని, తలలూపినట్టే ఉంటుంది.

తమరి పుట్టుక గురించి కాస్త చదివాను. 1991 నాటి వనరుల నిర్వహణ చట్టంలో మొదట మంచి మాటలు చాలా ఉన్నాయి. తాతల నాటి నేలతో, నీళ్ళతో మావోరీలకున్న బంధాన్ని 6వ సెక్షన్ జాతీయ ప్రాముఖ్యం ఉన్న విషయమంది. మావోరీ పెద్దలకీ బ్రిటిష్ ప్రభుత్వానికీ 1840లో కుదిరిన వైటాంగి ఒప్పందపు సూత్రాల్ని లెక్కలోకి తీసుకోమని 8వ సెక్షన్ చెప్పింది. ఆహా అనుకుంటూ పేజీలు తిప్పితే 36ఎ తగిలింది. వేరే చట్టమేదైనా అడిగితే తప్ప, దరఖాస్తు గురించి ఎవరినైనా సంప్రదించాల్సిన బాధ్యత దరఖాస్తుదారుకీ లేదు, కౌన్సిల్‌కీ లేదట. మరి నాలుగో షెడ్యూలు? పనివల్ల ఎవరికి నష్టమో, ఎవరితోనైనా మాట్లాడి ఉంటే వాళ్ళేమన్నారో రాయమంటుంది. అయితే మాట్లాడి తీరాలని దీని అర్థం కాదని కిందే మళ్ళీ ఒక ముక్క. అడగనక్కర్లేదు, అడిగారో లేదో చెబితే చాలు. తమరు ఊపిరి పోసుకున్నది ఆ సందులోనే.

ఒక విమానాశ్రయం ఫీజుల గొడవలో 1990ల మొదట్లో అప్పీలు కోర్టు తమరి పరువు తీసే మాట ఒకటి చెప్పింది. సంప్రదించడమంటే ఊరికే తెలియజేయడం కాదట. ఎదుటివాళ్ళకి సరిపడా సమాచారం, సమయం ఇవ్వాలి, చెప్పింది విని మనసు మార్చుకోవడానికి సిద్ధంగా ఉండాలి. తమరు అదృష్టవంతులు. ఫైలు నింపే మనిషికి పాత తీర్పులు తిరగేసే తీరిక ఎక్కడిది?

తమరి బండారం బయటపడాలంటే ఫైలులో రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. ఒకటి డ్రాయింగ్ మీది తేదీ, రెండోది మావోరీ తెగ ఆఫీసుకి పంపిన ఈమెయిల్ తేదీ. డ్రాయింగ్ ముందుంటుంది. ఎన్ని టన్నుల బండరాళ్ళు పరచాలో, ఏ విల్లో చెట్లు పీకాలో, ఎక్స్‌కవేటర్ ఎటునుంచి దిగాలో అన్నీ తేల్చాక "మీ అమూల్యమైన అభిప్రాయం" కావాలంటారు. కల్యాణమండపం మాట్లాడి, వంటవాళ్ళకి అడ్వాన్సు ఇచ్చి, అప్పుడు పిల్ల తండ్రిని "మీకు సమ్మతమేనా?" అని అడిగినట్టుంటుంది. అవతల చాలా ఆఫీసుల్లో జీతం తీసుకునే మనిషి ఒక్కరుంటే గొప్ప. ఆ ఒక్కరి ముందు రోడ్లు, డ్రైనేజీ, ఇసుక, కరకట్టలు అన్నిటి ఫైళ్ళూ కుప్పపడి ఉంటాయి. జవాబు రాదు. అనుబంధంలో "స్పందన లేదు" అని ఒక లైను పడుతుంది, తమరు గడిలోకి నడిచొస్తారు. మా వైపు దీన్ని మమ అనిపించడం అంటాం.

అసలు వాళ్ళనెందుకు అడగాలి అంటారా? మటాటా అనే ఊరు వెళ్ళి రండి. 2005 మే 18న కుండపోత వానకి అక్కడి వాగులు బురదనీ, బండల్నీ, చెట్లనీ ఊరి మీదికి తోసేశాయి. 27 ఇళ్ళు నేలమట్టమయ్యాయి. మావోరీల సమావేశ స్థలాలైన మరాయెలకి మాత్రం ఏమీ కాలేదు. వైటెపురు వాగు బల్లి రూపంలో ఉన్న తనీఫా అనీ (తనీఫా అంటే మావోరీల నమ్మకంలో నీటిలో ఉండే మహిమగల జీవి), దాని తల కొండల్లో, తోక కింద మైదానంలో ఉంటుందనీ, ఆ తోకని అటూ ఇటూ విసురుతుందనీ అక్కడి పెద్దలు చెబుతూ వచ్చారు. తోక తిరిగే మేర మరాయె కట్టుకోలేదు. కొండ దిగిన వాగు దారి మార్చుకుంటూ పోతుందన్న సంగతిని అంతకంటే గుర్తుండేలా ఏ రిపోర్టు చెప్పగలదు? ఆ తనీఫా మాటెత్తితే పత్రికల్లో నవ్వులు, కార్టూన్లు. 2002లో వైకాటో ప్రాంతంలో రోడ్డు పని అప్పుడు జరిగిందదే.

మటాటాకి దగ్గర్లోనే రంగిటైకి మైదానం ఉంది. అక్కడి చిత్తడి నేలలు మావోరీలకి ఈల్ చేపల గాదెలు. వాటిని ఎండగట్టడానికి 1910లో ఏకంగా చట్టమే చేశారు. అప్పటికి తమరింకా పుట్టలేదు, గడి కూడా లేదు. 2017 ఏప్రిల్ 6న రంగిటైకి నది వరద గోడకి గండి పడి, ఆ మైదానంలోని ఎడ్జ్‌కంబ్ ఊరు మునిగింది. నీళ్ళు తమ పాత చోటు వెతుక్కుంటూ వచ్చాయని నేనంటే ఇంజనీర్లు ఒప్పుకోరనుకోండి.

ఇంకో చిన్న విషయం. ఇనాంగా అని వేలెడంత చేప. శరత్కాలపు పెద్ద పోటుకి సముద్రపు నీళ్ళు నదిలోకి ఎగదన్నినప్పుడు, ఒడ్డున మునిగిన గడ్డి మొదళ్ళలో గుడ్లు పెడుతుంది. గడ్డి తీసేసి బండలు పరిస్తే కోత ఆగుతుంది, చేప పోతుంది. ఆ గడ్డి ఏ మలుపు దగ్గరుందో ఏటా అక్కడ వల వేసేవాళ్ళకి తెలుసు. డ్రాయింగ్ గీయకముందు అడిగితే బండల వరస పదడుగులు జరిపి గీసేవాళ్ళేమో. గీసేశాక అడిగారు, కాబట్టి అది "అభ్యంతరం" అయింది. ఆలస్యమైతే ఆ నింద కూడా మావోరీల మీదికే పోతుంది, తమరి మీదికి రాదు.

అత్యవసరమైతే తమరితో పనే లేదు. ఆ 1991 చట్టంలోని 330వ సెక్షన్ కింద ముందు పని చేసేసి, తర్వాత ఇరవై పనిదినాల్లో అనుమతికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. నది ఇంట్లోకి వస్తుంటే ఫారం నింపమని నేనూ అనను. 2023 ఫిబ్రవరిలో గాబ్రియెల్ తుపానుకి హాక్స్ బేలో కట్టలు తెగి జనం అల్లాడుతుంటే తలుపులు తీసి అన్నం పెట్టినవాటిలో మరాయెలూ ఉన్నాయి. నిబంధనలు సడలించడానికి ఆ ఏడాదే ప్రత్యేక చట్టం వచ్చింది. రావాల్సిందే. నా బాధల్లా, తుపాను లేని సంవత్సరాల్లో కూడా ఆదరాబాదరాగా అడగడమెందుకని.

ఒక్క చోట మాత్రం మావోరీలకి ఫోను ఠంచనుగా వెళ్తుంది. తవ్వుతుంటే మనిషి ఎముకలు బయటపడితే పని ఆపి తెగవాళ్ళని పిలవాలని అనుమతుల్లో షరతు ఉంటుంది. బతికున్నవాళ్ళకి ఈమెయిల్, పోయినవాళ్ళకి ఫోన్ కాల్.

వాంగనూయి నది దగ్గర తమరికి కాస్త టెన్షన్ ఉండొచ్చు. 2017 చట్టంతో ఆ నదికి మనిషిలాగే చట్టపరమైన వ్యక్తి హోదా వచ్చింది. దాని తరఫున మాట్లాడటానికి ఇద్దరిని నియమించారు. నదే పార్టీ అయినచోట తమరు ఏ గడిలో కూర్చుంటారో చూడాలనుంది.

తమరి చుట్టాలు మా గోదావరి గట్టునా ఉన్నారు లెండి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమి తీసుకునే ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలని 1996 పెసా చట్టం చెప్పినచోట, తీర్మానం పుస్తకంలో సంతకాల రూపంలో ఉంటారు. కలిస్తే అడిగానని చెప్పండి.

ఈ ఉత్తరానికి ఇరవై పనిదినాల్లో జవాబివ్వగలరు. రాకపోతే తమరికి ఏ అభ్యంతరమూ లేనట్టే ఫైలులో రాసుకుంటాను.

ఇట్లు,
ఒడ్డున నిలబడ్డ ఒక తెలుగువాడు