చిరంజీవి ఆధార్ జిరాక్స్ కాపీకి

ఉభయకుశలోపరి. విశాఖలో మేమంతా క్షేమం. నీ క్షేమం గురించి నాకు బెంగ లేదు. పైన చిరంజీవి అని ఊరికే రాయలేదు, నీకు చావు లేదని మొన్న ఆర్కే బీచ్‌లో కళ్లారా చూశాను. పల్లీలు అయిపోయాక పొట్లం విప్పితే లోపల నువ్వే! నాది కాదులే, ఎవరిదో. ఫొటోలో మొహం మసి పూసినట్టుంది కానీ, పన్నెండంకెలూ ముత్యాల్లా ఉన్నాయి. పుట్టిన తేదీ మీద కాస్త ఉప్పూ కారం.

ద్వారకానగర్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నప్పుడు నీ కాపీలు మూడు అడిగారు, గుర్తుందా? ఎందుకండీ అంటే, "ఫైల్లో ఉండాలి సార్" అన్నారు. సంతకం పెట్టి మరీ ఇచ్చాను.

నీకో కబురు. పుట్టస్వామి గారనే రిటైర్డ్ జడ్జి మీ ఆధార్ మీదే కేసు వేస్తే, 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి. మన వివరాలు తీసుకునేవాళ్ల అసలు బాధ్యతలకు అక్కణ్ణుంచి ఇంకో 18 నెలల గడువు. మెట్రో కోసం చూసి చూసి అలవాటైన ఊరు మాది, ఇదొక లెక్కా!

చట్టం మాత్రం చక్కగా ఉంది. వివరాలు ఎందుకు అడుగుతున్నారో ముందే చెప్పాలట, కావాలంటే తెలుగులోనే. ఆ పనికి ఎంత అవసరమో అంతే తీసుకోవాలి. అంటే అద్దె కోసం ఇచ్చింది పల్లీలకు వాడకూడదన్నమాట. అనుమతి ఎంత సులువుగా ఇచ్చామో అంత సులువుగా వెనక్కి తీసుకోవచ్చు. పనైపోతే, వేరే చట్టం ఉంచమంటే తప్ప, చెరిపేయాలి. భద్రంగా దాచకపోతే జరిమానా 250 కోట్ల దాకా!

ఆనందంతో నీ పేరు కోసం వెతికాను. లేదు. ఆ చట్టం డిజిటల్ డేటాకేనట. కాగితం మీదున్నది కంప్యూటర్‌లోకి ఎక్కితేనే లెక్కలోకి వస్తుంది. నువ్వు ఇనప బీరువాలో పడుకుని, బూజు పట్టి, పాత పేపర్లతో పాటు కిలోల లెక్కన తూకానికి వెళ్లినంత కాలం నీ జోలికి ఎవరూ రారు. అదృష్టవంతుడివి.

బీచ్‌లో దొరికినదాన్ని చెత్తబుట్టలో వేయబుద్ధి కాక జేబులో పెట్టుకొచ్చాను. మా ఆవిడ ముక్కలు ముక్కలుగా చింపి తులసికోట పక్కన కుండీలో పాతింది.

గ్యాస్ కనెక్షన్ పేరు మార్చాలట, నీ కాపీలు రెండు తెమ్మన్నారు. రేపు పదింటికి జిరాక్స్ షాపు దగ్గర కలుద్దాం.

ఇట్లు,
నీ అసలు