స్టేజీ గడిలో అడ్డగీత ఎందుకు గీస్తారండీ?

పొద్దున్నుంచి కడుపు రగిలిపోతోంది. మా పిన్నికి విజయవాడ సూర్యారావుపేటలో రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. గుంటూరు కొత్తపేటలో ఇంకో డాక్టరు గారికి చూపిద్దామని ఇవాళ కేస్ షీట్ జిరాక్స్ తీసుకున్నాం. డిశ్చార్జి సమ్మరీలో, జబ్బు ఎంత ముదిరిందో చెప్పే స్టేజీ దగ్గర అడ్డగీత! అదే ఫైల్లో బయాప్సీ రిపోర్టు ఉంది. గడ్డ మూడున్నర సెంటీమీటర్లు, చంకలో రెండు గ్రంథులకు పాకింది. స్కాన్‌లో లివర్, ఊపిరితిత్తులు, ఎముకలు బాగానే ఉన్నాయి. గడ్డ సైజుకు టీ2, గ్రంథులకు ఎన్1, వేరే అవయవాలకు పాకలేదు కాబట్టి ఎం0. అంటే స్టేజీ 2బి. రాయడానికి అర నిమిషం పట్టదు. అడిగితే రికార్డ్ రూములో అబ్బాయి, "డాక్టరు గారు రాసిందే మేం ఎక్కిస్తామండీ" అన్నాడు. అతన్ని ఏమని అంటాం?

పిన్నికి వైద్యం ఆగదు, నిజమే. కానీ దేశంలో క్యాన్సర్ కేసులు నమోదు చేయడానికి 1981 నుంచి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నడుపుతున్న రిజిస్ట్రీలకు లెక్కలు వెళ్ళేది ఇలాంటి ఫైళ్ళ నుంచే. రిజిస్ట్రీ మనిషి వచ్చి చూస్తే అడ్డగీత. కాగితాలు చదివి స్టేజీ కట్టుకోవడానికి ఎసెన్షియల్ టీఎన్‌ఎం అని సులువైన పద్ధతి ఉంది. ఉండి ఏం లాభం? చాలామందికి బయాప్సీ ల్యాబులో, కేస్ షీట్ ఆసుపత్రిలో, స్కాన్ ఇంట్లో బీరువాలో ప్లాస్టిక్ కవర్లో! చివరికి 'తెలియదు' అని రాసుకుంటారు. మన ఆడవాళ్ళు ముందుగా వస్తున్నారా, ముదిరాక వస్తున్నారా అన్నది తేలేది ఆ ఒక్క గడిలోనేనండీ.

రాసినచోట తప్పులు మళ్ళీ వేరే. రిజిస్ట్రీకి కావాల్సింది జబ్బు బయటపడ్డ నాటి స్టేజీ. రెండేళ్ళ తర్వాత ఎముకలకు పాకితే దాన్ని తెచ్చి బయటపడ్డ నాటి స్టేజీ గడిలో నాలుగని వేస్తారు. ముందు కీమో ఇచ్చి గడ్డ కరిగించాక ఆపరేషన్ చేసి, ఆ మిగిలిన ముక్క సైజునే బయటపడ్డ నాటి సైజుగా లెక్కేసి స్టేజీ వేస్తారు. ఇక ఏ స్టేజీ వాళ్ళు ఎన్నేళ్ళు బతుకుతున్నారో ఎవరు చెప్పగలరు?

అసలు మా పెదనాన్న సంగతి తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. జీవితమంతా పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర పనిచేశాడు, చుట్ట కాల్చాడు, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్న గుంటూరు మాది. వేలంలో ప్రతి బేలుకూ తూకం రాస్తారు, గ్రేడు రాస్తారు. ఆ పొగాకు పండించిన మనిషి క్యాన్సర్‌కి ఏ గ్రేడూ లేదు, ఏ స్టేజీ లేదు. మరణ కారణం దగ్గర 'గుండె, శ్వాస ఆగిపోవడం' అని రాసిచ్చారు. ఎవరికైనా చివరికి ఆగేది అవేగా! చనిపోయిన తీరు కాదు, దానికి దారితీసిన జబ్బు రాయాలని ఆ ఫారంలోనే ఉంటుంది. మార్చమని అడిగితే, "పోయినాయన పోయాడు, ఇప్పుడెందుకమ్మా" అన్నారు.

ఎందుకంటే ఆయన గుండె జబ్బుతో పోలేదు. ఆ ముక్క సర్కారు కాగితం మీద ఉండాలి.