ప్రపంచ ధాన్యం ధర నాలుగు కంపెనీల చేతుల్లో ఉందా?

"ప్రపంచంలోని తిండిగింజలన్నీ నాలుగు కంపెనీల గుప్పిట్లో ఉన్నాయి. ధర నిర్ణయించేది వాళ్లే, ఓడల్లో సరుకు ఆపేసి కొరత పుట్టించేదీ వాళ్లే." ఈ మాట విపరీతంగా షేర్ అవుతోంది. ఆర్చర్ డేనియల్స్ మిడ్‌ల్యాండ్, బంగీ, కార్గిల్, లూయీ డ్రేఫస్ చాలా పెద్ద కంపెనీలే. మిగతా ఆరోపణ మాత్రం నిలబడదు.

"అన్నీ" అనడమే తప్పు. పండిన గోధుమల్లో సరిహద్దు దాటేది సుమారు నాలుగో వంతు, బియ్యంలో పదో వంతు. మిగతాదంతా పండిన దేశంలోనే ఖర్చవుతుంది.

అసలు చిక్కంతా ధర దగ్గర ఉంది. అరవై వేల టన్నుల గోధుమలు కొన్న కంపెనీ, ధర ఎటు పోతుందోనన్న టెన్షన్‌తో కూర్చోదు. అంతే సరుకుకు షికాగో లాంటి ఎక్స్ఛేంజ్‌లో ఫ్యూచర్స్ (రాబోయే తేదీకి ఇప్పుడే ధర కుదుర్చుకునే ఒప్పందాలు) అమ్మేస్తుంది. ధర పడితే గింజల మీద పోయింది ఫ్యూచర్స్‌లో వస్తుంది. పెరిగితే ఇక్కడ వచ్చింది అక్కడ పోతుంది. దానికి ప్రధానంగా మిగిలేది రేవు ధరకూ ఫ్యూచర్స్ ధరకూ ఉన్న తేడాలో వచ్చే మార్పు. వ్యాపారులు ఆ తేడాను బేసిస్ అంటారు. నిల్వ, రవాణాల మీద వచ్చే మార్జిన్ దీనికి అదనం. ఈ కంపెనీలు సొంత అంచనాల మీద పందేలూ కాస్తాయి, 2022లో బాగా లాభపడ్డాయి కూడా. కానీ ఒడిదుడుకుల్లో సంపాదించడం వేరు, ధరను శాసించడం వేరు.

ఓడల్లో దాచడమా? ఓడకు అద్దె నడుస్తూనే ఉంటుంది. ఎత్తుడు దింపుడు గడువు దాటితే రోజుకింతని డెమరేజ్ కట్టాలి. ధాన్యం దాచడానికి అంతకన్నా ఖరీదైన చోటు లేదు.

మరి ధరలు ఎగబాకింది ఎప్పుడు? 2010 ఆగస్టులో కరువు దెబ్బకు రష్యా ధాన్యం ఎగుమతి నిషేధించింది. 2022 ఫిబ్రవరిలో యుద్ధంతో ఉక్రెయిన్ రేవులు మూతపడ్డాయి, మే నెలలో భారత్ గోధుమల ఎగుమతి ఆపేసింది. వాతావరణం, యుద్ధం, ప్రభుత్వాల నిర్ణయాలు చేసిన పని ఇది. తప్పంతా కంపెనీల మీదికి నెడితే ఆ ప్రభుత్వాలను అడిగేవాళ్లే ఉండరు.

కంపెనీలను నిలదీయాల్సిన విషయం వేరే ఉంది. చుట్టుపక్కల కొనేవాడు ఒక్కడే అయితే, రైతు అతను చెప్పిన ధరకే అమ్ముకోవాలి. ఇంకోటి, నిల్వల రహస్యం. మార్కెట్ సమాచారం కోసం జీ20 దేశాలు 2011లో అమిస్ అనే వ్యవస్థను ఏర్పాటు చేశాయి. ప్రైవేటు కంపెనీల గోదాముల్లో ఎంత ఉందో చెప్పమని బలవంతపెట్టే అధికారం మాత్రం దానికివ్వలేదు.