ఆస్కార్ ఫేవరెట్ ఓడిపోతే అది దొంగతనమేనా?

మళ్లీ వచ్చింది ఆ మెసేజ్. చదువుకున్నవాళ్లే పంపుతున్నారు, అదే నా బాధ. 2023లో తెలుగు పాటకు ఆస్కార్ వచ్చినప్పటి నుంచి మన గ్రూపుల్లో ప్రతి ఒక్కరూ అకాడమీ నిపుణులే అయ్యారు, సంతోషం. కానీ నిపుణులు కాస్త చదివి ఫార్వర్డ్ చేస్తే బాగుంటుంది.

చూడనివాళ్ల కోసం ఆ మెసేజ్ సారాంశం ఇది. గోల్డెన్ గ్లోబ్, క్రిటిక్స్ ఛాయిస్, బాఫ్టా (బ్రిటన్ సినిమా అవార్డు), శాగ్ (అమెరికా నటుల యూనియన్ ఇచ్చే అవార్డు) గెలిచిన నటులకు ఆస్కార్ ఖాయం. ఎందుకంటే అన్నిచోట్లా ఓటేసేది ఒకే గుంపు. బెట్టింగ్ సైట్లలో 90 శాతం చూపిస్తే ఇక రాసిపెట్టుకోవచ్చు. హాల్లో సీటు ఎక్కడ వేశారో చూసినా విజేత తెలిసిపోతుంది. ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్లకు ఇచ్చితీరతారు. ఇన్ని ఉన్నా ఫేవరెట్ ఓడిపోయారంటే ఫిక్సింగ్ జరిగినట్టు, లేదా 1993లో లాగా స్టేజీ మీద పేరు తప్పు చదివినట్టు.

మొదటిదానికి ఒక్క పేరు చాలు: రసెల్ క్రో. 'ఎ బ్యూటిఫుల్ మైండ్'కి మెసేజ్‌లో చెప్పిన ఆ నాలుగు అవార్డులూ గెలిచాడు. 2002 మార్చిలో ఆస్కార్ వేదిక మీదకు మాత్రం 'ట్రెయినింగ్ డే' నటుడు డెంజెల్ వాషింగ్టన్ వెళ్లాడు. బాఫ్టా రాత్రి, టీవీ ప్రసారంలో తన స్పీచ్ కత్తిరించారని క్రో ఒక ప్రొడ్యూసర్ మీదకు వెళ్లి గొడవపడ్డాడు, తర్వాత క్షమాపణ చెప్పాడు. దానివల్లే ఓడిపోయాడని కొందరంటారు. అంతకుముందు ఏడాదే అతనికి ఆస్కార్ వచ్చింది కాబట్టి వెంటనే ఇంకోటి ఎందుకులే అనుకున్నారని ఇంకొందరంటారు. బ్యాలెట్లు చూసినవాళ్లు వీళ్లలో ఒక్కరూ లేరు.

నాలుగూ గెలిచి ఓడిపోవడం చాలా అరుదు, ఒప్పుకుంటాను. మూడు గెలిచి ఓడిపోవడం అంత అరుదేమీ కాదు. ఎడ్డీ మర్ఫీ 2007లో, చాడ్విక్ బోస్‌మన్ 2021లో, డెమీ మూర్ 2025లో గోల్డెన్ గ్లోబ్, క్రిటిక్స్ ఛాయిస్, శాగ్ మూడూ గెలిచి కూడా ఆస్కార్ అందుకోలేదు. ఇక 2003లో ఏడ్రియన్ బ్రోడీ ఆ నాలుగింటిలో ఒక్కటీ గెలవకుండా వచ్చి, జాక్ నికల్సన్‌నీ డేనియల్ డే లూయిస్‌నీ దాటుకుని ఉత్తమ నటుడయ్యాడు. అప్పటికి వయసు 29.

రెండోది, 'ఓటేసేది ఒకే గుంపు' అనే మాట. ఇది మొత్తం మెసేజ్‌కి పునాది, ఆ పునాదే లేదు. గోల్డెన్ గ్లోబ్ ఓటర్లు జర్నలిస్టులు. చాలా కాలం వాళ్లు వంద మంది కూడా లేరు. క్రిటిక్స్ ఛాయిస్ ఓటర్లు విమర్శకులు. ఈ రెండు గుంపులకూ ఆస్కార్‌లో ఓటు లేదు. శాగ్ అమెరికా నటుల యూనియన్ అవార్డు, దాని సభ్యులు లక్షకు పైనే. ఆస్కార్ ఓటర్లు సుమారు పదివేలు. వాళ్లలో నటులు ఐదో వంతు కూడా ఉండరు. మిగతావాళ్లు కెమెరామెన్లు, ఎడిటర్లు, రచయితలు, సంగీత దర్శకులు, సౌండ్ వాళ్లు, నిర్మాతలు. నామినేషన్ల దాకా నటులే నటులను ఎంచుకుంటారు, తుది రౌండుకు వచ్చేసరికి అన్ని శాఖలవాళ్లూ ఓటేస్తారు. ఒక ఎడిటర్‌కు గొప్పగా కనిపించిన నటన యూనియన్‌లోని నటుడికి గొప్పగా కనిపించాలని ఎక్కడుంది?

ఇంకో సంగతి. ఉత్తమ చిత్రానికైతే ఓటర్లు ర్యాంకులు వేస్తారు. నటన విభాగాల తుది ఓటింగ్‌లో అదేమీ లేదు, ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వాళ్లే. ఐదుగురు బరిలో ఉండి పదివేల ఓట్లు దాదాపు సమానంగా చీలితే 2,001 ఓట్లతో గెలిచేయొచ్చు. అంటే ఎనభై శాతం మంది వద్దనుకున్నవాళ్లు కూడా విజేతలవుతారు. పైగా ఈ అవార్డు సంస్థలేవీ ఓట్ల లెక్క బయటపెట్టవు. శాగ్ ఇరవై వేల మెజారిటీతో వచ్చిందా, పది ఓట్లతో వచ్చిందా మనకు తెలియదు. ఆ మాత్రం తెలియకుండా 'ఖాయం' అనడాన్నే ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు.

తేదీలు కూడా చూసుకోండి. 2025లో ఆస్కార్ ఓటింగ్ ఫిబ్రవరి 18న ముగిసింది. డెమీ మూర్‌కి శాగ్ వచ్చింది ఫిబ్రవరి 23న. ఓట్లన్నీ పెట్టెలో పడిపోయిన ఐదు రోజుల తర్వాత వచ్చిన అవార్డును చూసి 'ఇక ఆమెదే' అని మనవాళ్లు తేల్చేశారు. బాఫ్టా ఫిబ్రవరి 16న, ఓటింగ్ నడుస్తుండగానే, ఆమెతో పోటీపడిన మైకీ మ్యాడిసన్‌కి వెళ్లింది. ఆస్కార్ కూడా మ్యాడిసన్‌కే వచ్చింది.

బెట్టింగ్ శాతాల గురించి. 90 శాతం అంటే పదిసార్లకు ఒకసారి ఓడిపోతారని అర్థం. నటనకు నాలుగు విభాగాలున్నాయి. నాలుగింటిలోనూ ఫేవరెట్లకు తలా 90 శాతం ఉందనుకుందాం. నలుగురూ కలిసి గెలిచే అవకాశం 66 శాతం దాకానే. అంటే ప్రతి మూడేళ్లలో ఒక ఏడాది కనీసం ఒక ఫేవరెట్ ఓడిపోవడం లెక్క ప్రకారమే జరగాలి. జరిగినప్పుడు గుండెలు బాదుకోనక్కర్లేదు.

సీటు పాయింట్. 2021 ఉత్తమ నటుడు ఆంథనీ హాప్కిన్స్ ఆ రాత్రి వేల్స్‌లో ఉన్నాడు. హాల్లో ఆయన సీటు ఏ వరుసలో ఉందో మెసేజ్ రాసినవారే చెప్పాలి.

ఇప్పుడు అసలు కోపానికి వద్దాం. మిగతావన్నీ తెలియక చేసిన తప్పులు, నవ్వి వదిలేయొచ్చు. కానీ ఫేవరెట్ ఓడిపోతే ఫిక్సింగ్, కాదంటే పేరు తప్పు చదివారు అనేది మాత్రం అలా వదలదగినది కాదు. అది ఒక మనిషి మీద వేసిన నింద, ముప్పై ఏళ్లు దాటినా చావడం లేదు.

1993 మార్చి 29. ఉత్తమ సహాయ నటి అవార్డు. బరిలో జూడీ డేవిస్, జోన్ ప్లోరైట్, వనెస్సా రెడ్‌గ్రేవ్, మిరాండా రిచర్డ్‌సన్, మరీసా టోమే. మొదటి నలుగురూ పేరున్న, బరువైన నటీమణులు. టోమే అప్పటికి పెద్దగా ఎవరికీ తెలియదు, చేసింది ఒక కోర్టు కామెడీలో పాత్ర. కామెడీ అనగానే చిన్నచూపు. కవరు తెరిచిన జాక్ పాలెన్స్ ఆమె పేరే చదివాడు. తర్వాత పుకారు మొదలైంది: పెద్దాయన మత్తులో ఉన్నాడట, కవరులోది చదవలేక తెర మీద కనిపించిన చివరి పేరు చదివేశాడట, అసలు గెలిచింది రెడ్‌గ్రేవ్ అట. అక్షరక్రమంలో టోమే పేరు చివర రావడమే ఈ కథకు ఉన్న ఏకైక సాక్ష్యం!

ఓట్లు లెక్కపెట్టే అకౌంటింగ్ సంస్థ ఈ కథను అప్పుడే కొట్టిపారేసింది. ఫలితం తెలిసిన ఇద్దరు ప్రతినిధులు స్టేజీకి అటూ ఇటూ ఉంటారు, తప్పు పేరు చదివితే వెంటనే వెళ్లి సరిదిద్దుతారు అని చెప్పింది. సంస్థ అలాగే అంటుందిలే అన్నారు మనవాళ్లు. సరే, అలాంటి సందర్భం నిజంగానే వచ్చింది. 2017లో ఉత్తమ చిత్రం ప్రకటించడానికి వచ్చిన వారెన్ బీటీ చేతికి ఉత్తమ నటి విభాగం కవరు వెళ్లింది, 'లా లా ల్యాండ్'ను ఉత్తమ చిత్రమని ప్రకటించారు. ఏం జరిగింది? నిర్మాతలు మాట్లాడుతుండగానే స్టేజీ మీదకు మనుషులు వచ్చారు. రెండు నిమిషాలకు పైగా గందరగోళం నడిచాక, ప్రపంచమంతా చూస్తుండగా, 'మూన్‌లైట్' గెలిచిందని సరిచేశారు. కోట్ల మంది ముందు పరువు పోతుందని తెలిసి కూడా తప్పును దాచలేదు. ఉత్తమ చిత్రం అవార్డునే చేతిలోంచి వెనక్కి తీసుకున్నవాళ్లు, ఒక కొత్త నటి మనసు నొచ్చుకుంటుందని సహాయ నటి అవార్డును వదిలేసి ఊరుకున్నారా? అకాడమీకి అంత జాలి ఉందని నేనెక్కడా వినలేదు.

టోమే ఎందుకు గెలిచిందో ఊహించడం కష్టమేమీ కాదు. పోటీలో ఆమె ఒక్కతే అమెరికన్. మిగతావాళ్లలో ముగ్గురు బ్రిటన్, ఒకరు ఆస్ట్రేలియా. గంభీరమైన నటన ఇష్టపడే ఓట్లు ఆ నలుగురి మధ్య చీలి ఉండొచ్చు. పైన చెప్పిన లెక్కే. లేదా, ఇంకా సులువైన కారణం, ఆమె నటన చాలామందికి నచ్చి ఉండొచ్చు. కోర్టులో కార్ల గురించి సాక్ష్యం చెప్పే ఆ సీన్ చూసినవాళ్లకు ఇది పెద్ద వింతగా అనిపించదు. ఆ తర్వాత ఆమె ఇంకో రెండుసార్లు నామినేట్ అయింది, 2002లో, 2009లో. ఆ రెండు నామినేషన్లూ ఎవరో మత్తులో చదివినవేనా? ఒక మహిళ కెరీర్‌లో అత్యంత గొప్ప రాత్రిని పొరపాటుగా మార్చేసి, నవ్వే బొమ్మ ఒకటి తగిలించి గ్రూపుల్లో తిప్పుతున్నారు. మగవాళ్లు ఇలా అనుకోకుండా గెలిచినప్పుడు ఎందుకో పేరు తప్పు చదివారన్న అనుమానం రాదు. బ్రోడీ విషయంలో ఎవరైనా అన్నారా?

ఇక ఫిక్సింగ్. ఫలితం ముందే తెలుసని చెప్పేవాళ్లు 2021 వేడుక మళ్లీ చూడండి. మామూలుగా చివర ఇచ్చే ఉత్తమ చిత్రాన్ని ముందుకు జరిపి, ఉత్తమ నటుడిని ఆఖరుకు పెట్టారు. బోస్‌మన్ అంతకుముందు ఆగస్టులో 43 ఏళ్లకే చనిపోయాడు, అందరి కళ్లూ అతని మీదే. అతనికి అవార్డు వస్తే కన్నీళ్లతో ముగించొచ్చన్నట్టుగా ఉంది ఆ ఏర్పాటు. కవరులో ఉన్న పేరు ఆంథనీ హాప్కిన్స్. ఆయన అక్కడ లేడు. ప్రసంగం లేదు, కార్యక్రమం అలా తెగిపోయినట్టు ముగిసింది. ఫిక్స్ చేసినవాళ్లు ఎవరైనా తమ సొంత షోను తామే ఇలా పాడుచేసుకుంటారా? లోపల ఏముందో నిర్వాహకులకే తెలియదనడానికి ఇంతకంటే రుజువు దొరకదు. 83 ఏళ్ల హాప్కిన్స్ మర్నాడు ఒక వీడియో పెట్టి బోస్‌మన్‌ను తలుచుకున్నాడు. ఆయన్నీ 'దోచుకున్నవాడు' అన్నారు మనవాళ్లు. ఆయనకు అవార్డు తెచ్చిన సినిమా చూసి అన్నారో, చూడకుండా అన్నారో.

ఎదురుచూసినవాళ్లకు ఇచ్చితీరతారన్న పాయింట్. పీటర్ ఓటూల్ ఎనిమిదిసార్లు నామినేట్ అయి ఒక్కసారీ గెలవలేదు, మధ్యలో 2003లో ఒక గౌరవ ఆస్కార్‌తో సరిపెట్టారు. గ్లెన్ క్లోజ్‌దీ ఎనిమిది నామినేషన్ల కథే. 2019లో ఆమెదే అని అందరూ అనుకుంటే ఒలీవియా కోల్మన్ గెలిచి, స్టేజీ మీద నుంచే క్లోజ్‌కు దాదాపు సారీ చెప్పినంత పని చేసింది.

అయితే ఈ పాయింట్‌ను పూర్తిగా కొట్టిపారేయలేను. అల్ పచీనోకి 1993లో ఇచ్చినప్పుడు, ఆ ఒక్క పాత్రకే ఇచ్చారని గట్టిగా వాదించే ఓపిక నాకు లేదు. అంతకుముందు ఇవ్వాల్సినవి ఇవ్వలేదు కాబట్టి ఇచ్చారు, అంతే. ప్రచారం సంగతీ అంతే. ప్రైవేట్ షోలు, విందులు, పేజీల కొద్దీ ప్రకటనలు, ఇవన్నీ బహిరంగంగానే జరుగుతాయి, పని కూడా చేస్తాయి. ఓటేయాలంటే ఆ విభాగంలో నామినేట్ అయిన సినిమాలన్నీ చూసి తీరాలనే రూల్‌ను అకాడమీ ప్రకటించిందే 2025 ఏప్రిల్‌లో. అంటే అంతకుముందు అన్నీ చూడకుండానే ఓటేసినవాళ్లు ఉన్నారనేగా. కాబట్టి 'అత్యుత్తమ నటనకే ఆస్కార్ వస్తుంది' అని ఎవరైనా ఇంకో మెసేజ్ పంపితే దాన్నీ ఖండిస్తాను. కానీ ఒక ఓటరు సోమరితనం వేరు, కవరు మార్చేయడం వేరు.

ఇదంతా గ్రూపులో రాశాక ఒక మిత్రుడు కొత్త సూత్రం కనిపెట్టాడు. 'అర్థమైంది, బాఫ్టా ఎవరికిస్తే ఆస్కార్ వాళ్లకే. కోల్మన్, హాప్కిన్స్, మ్యాడిసన్ ముగ్గురూ అంతే కదా.' 2023లో బాఫ్టా గెలిచిన నటీనటులు ఆస్టిన్ బట్లర్, కేట్ బ్లాంచెట్, బ్యారీ కియోగన్, కెరీ కాండన్. ఆస్కార్‌లో నలుగురికి నలుగురూ ఓడిపోయారు. ఆ ఏడాది శాగ్ విజేతలు మాత్రం నలుగురూ గెలిచారు. కానివ్వండి, దీనికీ ఒక ఫార్ములా కట్టి ఫార్వర్డ్ చేయండి.